మన గల్లీలో సింహానికి చోటున్నదా?

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగములు: లూకా సువార్త 10:25-37; యెషయా 11:6-9

 

ఈ దినము నా ప్రసంగాన్ని పిల్లల టెలివిజన్ కార్యక్రమముతో మొదలుపెడుతున్నాను. దేవుని వాక్యము చెప్పవలసిన చోట బొమ్మలాట ముచ్చట్లు ఏమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చు. ఒకప్పుడు నేను కూడా అలాగే అనుకున్నవాడినే. దయచేసి చివరివరకు వినండి. ఎందుకంటే ఈ రోజు నేను మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది.

2006 ఆగస్టులో మన దేశపు టెలివిజన్‌లో "గల్లీ గల్లీ సిమ్ సిమ్" అనే కార్యక్రమము మొదలైంది. దూరదర్శన్‌లోను, పోగో, కార్టూన్ నెట్‌వర్క్ ఛానళ్లలోను హిందీలో వచ్చేది. మీ పిల్లలు చూసే ఉంటారు. ఆ నాటి పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అందులో ఒక గల్లీ. ఆ గల్లీలో మనుషులు, మాట్లాడే బొమ్మలు ఇరుగుపొరుగుగా కాపురముంటారు. చమ్‌కీ అని ఐదేళ్ల పాప, బడి అంటే ప్రాణం. గూగ్లీ అని నీలిరంగు బొచ్చు బొమ్మ. ఆంఛూ అని ఒకామె, తుమ్మితే చాలు వేరే చోటికి వెళ్లిపోతుంది. వీళ్లందరి మధ్యలో బూంబా అని గులాబీ రంగు సింహం. భాంగ్రా నాట్యమంటే దానికి మహా ఇష్టం. ఆ సింహాన్ని చూసి ఎవరూ పరుగెత్తరు, అదీ ఎవరి మీద పడదు. పక్కింటివాళ్లలో అది కూడా ఒకటి, అంతే.

దీనికి మూలము అమెరికాలో 1969 నవంబరు 10వ తేదీన మొదలైన "సెసమీ స్ట్రీట్". పేదల వాడల్లోని చిన్నబిడ్డలు బడిలో చేరకముందే నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు నేర్చుకోవాలని దానిని మొదలుపెట్టారు. జిమ్ హెన్సన్ అనే ఆయన దానికి బొమ్మలు చేసి ఇచ్చాడు. ఆ వీధిలో కూడా నల్లవారు, తెల్లవారు, బొమ్మలు, అందరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. ప్రియులారా, ఆశ్చర్యమేమిటంటే 1970లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రములో ఆ కార్యక్రమమును ప్రసారం చేయవద్దని అక్కడి అధికార సంఘము నిర్ణయించింది. బొమ్మలకు భయపడి కాదు. నల్లపిల్లలు, తెల్లపిల్లలు ఒకే వీధిలో కలిసి ఆడుకోవడం చూపిస్తున్నారని. ఆ సంగతి పత్రికలకెక్కి అల్లరి కాగా మూడు వారాలు దాటేసరికి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. గమనించారా? వీధిలో బొచ్చు బొమ్మలు కాపురముంటే పెద్దలు ఓర్చుకోగలిగారు, ప్రక్కన వేరే రంగు మనిషి ఉంటే ఓర్చుకోలేకపోయారు.

అది అమెరికా సంగతి అని మనము చేతులు దులుపుకోవచ్చు. అందుకే ఇప్పుడు సీతాఫల్‌మండి సంగతి చెబుతాను.

నేను సికింద్రాబాదులోని సీతాఫల్‌మండిలో చాలాకాలం ఉన్నాను. ఒక ప్రక్క చిలకలగూడ, ఇంకొక ప్రక్క వారాసిగూడ, మధ్యలో రైలు పట్టాలు. మండి అంటే బజారు. పేరులోనే పండు ఉన్న పేట అది. సీతాఫలము మీరెరుగుదురు కదా? పైకి గరుకుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. లోపల ఎన్ని తొనలున్నా అన్నీ ఒకే తొక్కలో సర్దుకుంటాయి. మా గల్లీ కూడా అటువంటిదే. ఒక గోడకు రెండు ఇళ్లు. వాళ్లింట్లో పోపు వేస్తే మా ఇంట్లో దగ్గు. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన చేస్తే వాళ్లింట్లో పాట వినబడుతుంది.

గోడకు అవతల ఉత్తరాది నుండి బదిలీ మీద వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి కుటుంబము ఉండేది. వాళ్లకు ఎనిమిదేళ్ల పిల్లవాడు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. మా ఇంట్లో టెలివిజన్ లేదు. అది సాతాను పెట్టె అని సండే స్కూల్లో నేనే పిల్లలకు చెప్పేవాడిని. మా అమ్మాయి మాత్రం పక్కింటికి వెళ్లి ఆ పిల్లవాడి ప్రక్కన చాప మీద కూర్చుని "గల్లీ గల్లీ సిమ్ సిమ్" చూసి వచ్చేది. అలా చూసి చూసి నాకంటే బాగా హిందీ నేర్చుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాడిని.

ఆ పిల్లవాడు ఒక వీధికుక్కను మచ్చిక చేసుకున్నాడు. గోధుమరంగుది, ఒక చెవి తెగిపోయినది. దానికి టైగర్ అని పేరు పెట్టాడు. పేరే పులి, పిల్లిని చూసినా గుమ్మం వెనక దాక్కునేది. తన రొట్టెలో సగం దానికి పెట్టేవాడు. పడుకొనేది మాత్రం మా రెండిళ్ల మధ్యనున్న మెట్టు మీద. రాత్రి రైలు కూత వేసినప్పుడల్లా అది గొంతెత్తి మొరిగేది. మా పేటలో రాత్రికి ఎన్ని రైళ్లు పోతాయో లెక్క ఉండదు.

నేను పగలు ఒక ఆఫీసులో లెక్కలు రాసేవాడిని. రాత్రి పదకొండు దాటాక కూర్చుని ఆదివారపు పాఠము సిద్ధపరచుకొనేవాడిని. కుక్క మొరుగుతుంటే మనస్సు నిలిచేది కాదు. రెండుసార్లు పక్కింటాయనతో చెప్పాను. "పిల్లవాడు దాన్ని వదలడు భాయీసాబ్, కొంచెం ఓర్చుకోండి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. దేవుని పనికి ఆటంకము కలుగుతున్నదని నాకు నేనే చెప్పుకున్నాను. ప్రియ శ్రోతలారా, మన కోపానికి దేవుని పేరు తగిలించినప్పుడు మనము ఎంతకైనా తెగించగలము. ఇది నా అనుభవము.

ఆ సంవత్సరము దసరా సెలవులకు వాళ్లు ఊరికి వెళ్లారు. నేను ఒక ఆటో అతనికి, అతని స్నేహితునికి డబ్బులిచ్చి, ఆ కుక్కను గోనెసంచిలో వేసి ఘట్‌కేసర్ అవతల వదిలిపెట్టి రమ్మన్నాను. తెల్లవారుజామున తీసుకుపోయారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి రైళ్లు కూశాయి, ఎవరూ మొరగలేదు. నేను ప్రశాంతముగా పాఠము సిద్ధపరచుకున్నాను. ఆ పాఠము ఏమిటో తెలుసా? మంచి సమరయుని ఉపమానము.

సెలవుల తరువాత వాళ్లు తిరిగి వచ్చారు. పిల్లవాడు చెప్పులైనా విప్పకుండా గల్లీ అంతా "టైగర్, టైగర్" అని కేకలు వేశాడు. స్టేషను దాకా వెళ్లి వచ్చాడు. సాయంత్రము మా గుమ్మంలో నిలబడి, "అంకుల్, టైగర్ దిఖా క్యా?" అని అడిగాడు. "నహీ బేటా" అన్నాను. ఒక్క మాట. దేవుని మందిరములో బోధించే నోటితోనే ఆ మాట పలికాను. పేతురుకు కోడి కూసింది. నాకు ఏ కోడీ కూయలేదు. అందుచేత నేను బాగానే ఉన్నాననుకున్నాను.

నాలుగైదు రోజులు పోయాక మా అమ్మాయి అన్నం తింటూ తింటూ అడిగింది: "నాన్నా, టీవీలో ఆ గల్లీలో సింహం కూడా ఉంటుంది కదా, ఎవరూ పొమ్మనరు. మన గల్లీలో కుక్క ఎందుకు ఉండలేదు?" దానికి ఏమీ తెలియదు. పిల్లవాడు ఏడుస్తున్నాడని అడిగింది, అంతే. నా చేతిలోని ముద్ద నోటికి పోలేదు.

ప్రియులారా, యెషయా ప్రవక్త 11వ అధ్యాయములో రాబోయే రాజ్యమును గూర్చి చెబుతూ తోడేలును గొఱ్ఱెపిల్లను ఒకే చోట కాపురముంచుతాడు. చిరుతపులి మేకపిల్ల ప్రక్కన పడుకుంటుంది. సింహం ఎద్దులాగా గడ్డి మేస్తుంది. అక్కడ ఒక్క విషయము మనము తరచు దాటిపోతాము. వాటినన్నిటిని నడిపించేది ఎవరు? రాజు కాదు, సైనికుడు కాదు, ప్రసంగీకుడు అంతకంటే కాదు. ఒక చిన్నబిడ్డ. ఆ రోజు మా ఇంట్లో దేవుడు నన్ను నడిపించడానికి ఆ చిన్నబిడ్డనే వాడుకున్నాడు. అయితే నేను వెంటనే నడవలేదు. సిగ్గు అడ్డం వచ్చింది.

ఇంకొక సంగతి జరిగింది. మా పేటకు అప్పట్లో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అదీ ఏ వేళప్పుడో. ఆ వారములో మా అత్తగారికి ఆరోగ్యము బాగాలేక నా భార్య, బిడ్డ వాళ్లింటికి వెళ్లారు. నేను ఆఫీసులో చిక్కుకుపోయాను. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి నీళ్లు వచ్చి పోయాయి. ఇక రెండు రోజులు ఎలాగా అనుకుంటూ తాళం తీయబోతే, మా గుమ్మం ముందు నాలుగు బిందెలు నిండుగా ఉన్నాయి. వాటి మీద పళ్లాలు మూసి ఉన్నాయి. రెండు బిందెలు మావి, బయట బోర్లించినవి. రెండు వాళ్లవి.

నేను ఆ మెట్టు మీద కూర్చుండిపోయాను. టైగర్ పడుకొనే మెట్టు అది.

లూకా సువార్త 10వ అధ్యాయములో ఒక ధర్మశాస్త్రోపదేశకుడు యేసు ప్రభువును, తన పొరుగువాడు ఎవడో చెప్పమని అడిగాడు. ఎవరిని ప్రేమించాలో, ఎవరిని ప్రేమించనక్కరలేదో హద్దు గీసి ఇమ్మని ఆయన ఉద్దేశము. ప్రభువు హద్దు గీయలేదు. కథ చెప్పి ప్రశ్ననే త్రిప్పివేశాడు. దొంగల చేతిలో దెబ్బలు తిన్నవానికి పొరుగువాడుగా ఉన్నది ఎవరో నీవే చెప్పు అన్నాడు. ఇన్ని సంవత్సరాలు ఆ కథలో నన్ను నేను సమరయునిగా ఊహించుకొని బోధించాను. ఆ రాత్రి మెట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది, ఆ కథలో నేను యాజకుడిని. కాదు, అంతకంటె హీనము. యాజకుడు చూసి ప్రక్కగా పోయాడు, నేను దొంగల పని చేశాను. నా గోడ అవతలివాడు, నా దేవుని పేరైనా సరిగా తెలియనివాడు, నాకు నీళ్లు పట్టి పెట్టాడు.

మత్తయి 5వ అధ్యాయము 23, 24 వచనాలలో ప్రభువు ఏమి ఆజ్ఞాపించాడో మీకు తెలుసు. బలిపీఠము దగ్గరకు అర్పణ తెచ్చినవాడు తన మీద సహోదరునికి విరోధము ఉన్నదని జ్ఞాపకము వస్తే అర్పణ అక్కడే విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడాలి. ఆ ఆదివారము నేను పాఠము చెప్పవలసి ఉన్నది. చెప్పలేనని పెద్దలకు కబురు చేశాను.

మన తెలుగువారి తోలుబొమ్మలాట చూశారా? ధర్మవరము దగ్గర నిమ్మలకుంట అనే ఊళ్లో తరతరాలుగా ఆ కళను బ్రతికిస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలును పలుచగా చేసి, రంగులు వేసి, కీళ్లు కలిపి, కర్రలు కట్టి ఆడిస్తారు. కర్ర ఎత్తితే బొమ్మ చెయ్యి ఎత్తుతుంది. టెలివిజన్ బొమ్మైనా అంతే, లోపల మనిషి చెయ్యి ఆడితేనే దాని నోరు ఆడుతుంది. ప్రియ సహోదరులారా, దేవుడు తలచుకుంటే మనలను కూడా అలా చేసి ఉండగలడు. నా చెయ్యి పట్టుకొని పక్కింటి తలుపు కొట్టించగలడు. అలా చేయలేదు. వాక్యము ఇచ్చాడు, బిడ్డ చేత అడిగించాడు, నాలుగు బిందెలు చూపించాడు. తలుపు కొట్టే పని మాత్రం నాకే విడిచిపెట్టాడు. బొమ్మకు క్షమాపణ అడగడం రాదు. అది బిడ్డకు మాత్రమే వచ్చును.

ఆ ఆదివారము ఉదయము నేను తలుపు కొట్టాను. ఖాళీ బిందెలు తిరిగి ఇచ్చి, జరిగినదంతా చెప్పాను. గోనెసంచి సంగతి కూడా దాచలేదు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిల్లవాడు నా ముఖములోకి చూసి లోపలికి వెళ్లిపోయాడు. కౌగిలించుకున్నారనో, కన్నీళ్లతో క్షమించారనో మీకు చెప్పాలని నాకు ఆశే. కాని అలా జరగలేదు. చివరికి ఆయన, "ఎక్కడ వదిలారో చూపిస్తారా?" అని అడిగాడు.

సికింద్రాబాదులో ప్యాసింజరు ఎక్కి ముగ్గురము ఘట్‌కేసర్ వెళ్లాము. ఆ ఆటో అతను చెప్పిన గుర్తులను బట్టి మధ్యాహ్నమంతా తిరిగాము. టీ కొట్ల దగ్గర, కోళ్ల షెడ్ల దగ్గర, పట్టాల ప్రక్కన. పిల్లవాడు పిలుస్తూనే ఉన్నాడు. తరువాతి ఆదివారము మళ్లీ వెళ్లాము. టైగర్ దొరకలేదు. ఇంక ఎప్పటికీ దొరకలేదు. రెండవసారి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను పల్లీలు కొన్నాను. పిల్లవాడు కిటికీవైపే చూస్తూ చాలాసేపటికి చెయ్యి చాపి, నా పొట్లంలో నుండి నాలుగు గింజలు తీసుకున్నాడు. నాకు దొరికిన క్షమాపణ అదే. అంతకంటె ఎక్కువ అడగడానికి నాకు హక్కు లేదు.

ఇంటికి వచ్చి మా అమ్మాయికి కూడా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తండ్రి తప్పు ఒప్పుకుంటే బిడ్డల దగ్గర చిన్నవాడైపోతాడని మనకు భయము. నిజమే, చిన్నవాడినయ్యాను. అయితే అబద్ధము చెప్పిన పెద్దవాడిగా బ్రతకడం కంటె అది మేలు.

ప్రియ శ్రోతలారా, ఇందులో మనకు రెండు మాటలున్నాయి.

మొదటిది. పశ్చాత్తాపము అన్నిటిని తిరిగి తీసుకొని రాదు. దేవుడు నా పాపము క్షమించాడని నమ్ముతున్నాను. అయినా ఆ మెట్టు ఖాళీగానే ఉండిపోయింది. అందుచేత చేసిన తరువాత ఏడ్వడం కంటె చేయకముందే ఆగడం మేలు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును కూడా లక్ష్యపెడతాడని సామెతల గ్రంథము 12వ అధ్యాయము మనకు నేర్పిస్తుంది. అది నా పశువు కాదు గదా అనుకున్నాను. నా పొరుగు పిల్లవాని ప్రాణము దానిలో ఉన్నదని గ్రహించలేదు.

రెండవది. పొరుగువాడు అంటే మనము ఎన్నుకున్నవాడు కాదు. స్నేహితులను ఎన్నుకుంటాము, సంఘమును కూడా ఎన్నుకుంటాము. గోడ అవతలివారిని మాత్రం దేవుడే తెచ్చి పెడతాడు. దక్షిణాఫ్రికాలో 2002లో ఆ సెసమీ బొమ్మల కుటుంబములోనికే కామీ అనే క్రొత్త బొమ్మను తీసుకువచ్చారు. అది హెచ్.ఐ.వి. ఉన్న చిన్నపాప. మిగిలిన బొమ్మలు ఆమె ప్రక్కన కూర్చున్నాయి, ఆమెతో ఆడుకున్నాయి. ఆ సంవత్సరాలలోనే మన ప్రాంతములో అదే వ్యాధి ఉన్నదని తెలిసి ఇరుగుపొరుగు మాట మానివేసిన కుటుంబాలు ఎన్ని! ప్రభురాత్రి భోజనము దగ్గర వారి ప్రక్కన కూర్చోవడానికి జంకిన విశ్వాసులు ఎందరు! బొమ్మలు చేయగలిగిన దానిని ప్రభువు రక్తముతో కొనబడిన మనము చేయలేకపోయామా?

మీ గోడకు అవతల ఎవరున్నారు? ఏ పేరు చెబితే మీ ఇంట్లో మాటలు ఆగిపోతాయి? నీళ్ల దగ్గర తగువో, మురుగుకాలువ తగువో, పెళ్లికి పిలవలేదన్న మాటో, ఎన్ని సంవత్సరాలైంది? ఈ ప్రసంగము అయిన వెంటనే వేరొక ప్రసంగము వినవద్దు. లేచి వెళ్లి తలుపు కొట్టండి. వారు వెంటనే క్షమించకపోవచ్చు. మొదట ఏమీ మాట్లాడకపోవచ్చు. అయినా వెళ్లండి.

2009లో ఆ కుటుంబము బదిలీ మీద వెళ్లిపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉద్యోగము చేస్తున్నాడు. ప్రతి క్రిస్మస్‌కు ఫోను చేస్తాడు. ఒక్కసారి కూడా టైగర్ మాట ఎత్తలేదు. నేను మాత్రం రాత్రివేళ రైలు కూత వినబడి, ఎక్కడో ఒక కుక్క మొరిగితే, కిటికీ మూయడం మానేశాను.

ప్రార్థన చేసికొందము. పరలోకమందున్న మా తండ్రీ, మా గోడలకు అవతల నీవు ఉంచినవారిని బట్టి నీకు స్తోత్రములు. మా కోపానికి నీ పేరు తగిలించిన దినములను క్షమించుము. ఈ మాటలు విన్నవారిలో, చదివినవారిలో ఎవరైనా తలుపు కొట్టడానికి భయపడుతుంటే వారికి ధైర్యమిమ్ము. మేము పోగొట్టినది తిరిగి ఇవ్వలేని చోట, గాయపడినవారిని నీవే ఆదరించుము. సింహమును గొఱ్ఱెపిల్లను ఒక్కచోట నివసింపజేయు నీ రాజ్యము మా గల్లీలలో మొదలగును గాక. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.